ఆటలో అయిపోయిన డికాక్షన్

ఆడపిల్లా మగపిల్లాడూ అని తేడా చూపించకుండా పెంచాలని మా బావగారు ఎక్కడ కూర్చున్నా చెబుతుంటారు. కూర్చునే చెబుతారు, అది వేరే సంగతి. మొన్న ఆదివారం ఇంటికొచ్చిన స్నేహితుడికీ ఆయన భార్యకీ కూడా అదే మొదలుపెట్టారు. "బుజ్జికి కార్లు కొన్నాం, చంటిగాడికి వంట సెట్టు కొన్నాం, మా ఇంట్లో అలాంటి పట్టింపులేం లేవండీ" అని. సరిగ్గా అప్పుడే హాల్లో ఓ మూల ఆ వంట సెట్టుతోనే అమ్మానాన్న ఆట నడుస్తోంది.

నాలుగేళ్ళ చంటిగాడు నాన్న. ఆ వేషానికి పెద్ద సరంజామా అక్కర్లేదు కదా, ఓ దిండు, ఫోనుకి బదులు టీవీ రిమోటు. కాళ్ళు చాపుకుని, రిమోటులోంచి తలెత్తకుండా "ఏమోయ్, కాఫీ" అన్నాడు. ఆరేళ్ళ బుజ్జి అమ్మ. మా అక్క చున్నీ చుట్టుకుని, చెవికీ భుజానికీ మధ్య పౌడరు డబ్బా ఇరికించి ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూ, గరిటె తిప్పుతూ, మధ్యలో "మోటారు కట్టెయ్యండి, ట్యాంకు పొర్లిపోతోంది, ఈ ఇంట్లో అన్నీ నేనే చూసుకోవాలి!" అని కేకేసింది. గొంతు అచ్చం అక్కదే. నాన్న కదల్లేదు. స్నేహితుడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి 1961లో వెలువడింది. పెద్దవాళ్ళు ఓ గాలిబొమ్మని బాదుతుంటే చూసిన పిల్లలు, తర్వాత వాళ్ళకీ ఆ బొమ్మ దొరగ్గానే అలాగే బాదారు, మగవాడు బాదడం చూసిన మగపిల్లలైతే మరీను. మా అక్క వాళ్ళ హాల్లో ఒక్క ఆదివారం కూర్చుని ఉంటే పాపం ఆయనకి బొమ్మ ఖర్చు మిగిలేది.

ఇంతలో అక్క అందరికీ కాఫీ కలుపుదామని వెళ్ళి ఫిల్టరు తీస్తే అడుగున చుక్క లేదు. పొద్దున్న దిగిన చిక్కటి డికాక్షనంతా కుళాయి నీళ్ళూ చాక్‌పీసు పొడీ కలిసి ప్లాస్టిక్ కప్పుల్లో నాన్నగారికి చేరిపోయింది. ఆయన మూతి దగ్గర పెట్టినట్టు పెట్టి, కొత్త దిండు గలీబు మీద ఒలకబోసి, పంచదార తక్కువైందని తిప్పి పంపుతున్నాడు కూడా.

ఇక పరువు నిలబెట్టుకోవాలి కాబట్టి బావగారు లేచారు. "ఇవాళ ఇన్‌స్టంట్ కాఫీ నా చేత్తో" అని ప్రకటించి వంటింట్లోకి వెళ్ళారు. లైటరెక్కడ? పాలగిన్నె ఏది? పంచదార ఎక్కడుందోయ్? ఒకటే గోల. అక్క కుర్చీలో వెనక్కి జారబడి అక్కణ్ణుంచే సమాధానాలు చెప్పింది, లేవలేదు. పిల్లలిద్దరూ ఆట ఆపి గుమ్మంలో నిలబడి ఈ వింతంతా నోళ్ళు తెరుచుకుని చూశారు.

కాఫీలొచ్చాయి, స్నేహితుడు ఓ గుక్క తాగి వాతావరణం గురించి మాట్లాడాడు.

ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి చంటిగాడు బొమ్మ పొయ్యి ముందు నిలబడి, కనిపించిన గిన్నె మూతల్లా తీసి విసిరేస్తూ "పంచదార ఎక్కడుందోయ్?" అని అరుస్తున్నాడు. దిండు మీద కాళ్ళు చాపుకున్న బుజ్జి రిమోటులోంచి తలెత్తకుండా, "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు, ఎర్ర మూత డబ్బా!" అంది.