ఆ లింకు మాత్రం నొక్కకండి, మిగతాది మాట్లాడుకుందాం

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, చుట్టాల గ్రూపులో ఒకసారి, "నువ్వు లినక్స్ వాడతావుగా, చూడు" అంటూ విడిగా ఇద్దరు. పైన మూడు నిప్పు బొమ్మలు, కింద "కనీసం పది మందికి పంపండి", మధ్యలో ఏడు పాయింట్లు.

చూడనివాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ కోసం అందులో ఉన్నది చెప్తాను. ఒకటి, విండోస్ 10 ఇక పనిచేయదు, వెంటనే లినక్స్‌కి (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) మారాలి. రెండు, పాత స్కానర్లూ అవీ లినక్స్‌లో మళ్ళీ బతుకుతాయి. మూడు, ఏ ప్రింటరైనా పెట్టగానే పనిచేస్తుంది. నాలుగు, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా తన డ్రైవర్లన్నీ (కార్డును సిస్టంతో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఓపెన్ సోర్స్ చేసేసింది, అంటే కోడ్ అందరికీ తెరిచేసింది, ఇక గ్రాఫిక్స్ బెంగ లేదు. ఐదు, కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి వైరస్‌లకు చోటే లేదు. ఆరు, భారత ప్రభుత్వం మొత్తం ఎప్పుడో మారిపోయింది. ఏడు, సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ అయ్యేటప్పుడే ఆపే కాపలా) ఆపేసి, కింద లింకుతో ఉన్న లైను టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే విండోలో, పేస్ట్ చేస్తే డ్రైవర్లన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

నా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా లినక్సే నడుస్తోంది. అందుకే ఈ మంట. బయటివాడు తిడితే సర్దుకుపోవచ్చు. మనవాడే ఇలా పొగిడితే ఎక్కడ దాక్కోవాలి?

ఒకటో పాయింటు తప్పు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది, మీ ల్యాప్‌టాప్ ఆగలేదు. ఇళ్ళలో వాడేవాళ్ళకు కూడా ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. ఆరో పాయింటూ అంతే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్ 2007 నుంచీ ఉంది, రక్షణ శాఖ 2023లో మాయా అని ఉబుంటు అనే లినక్స్ రకం మీద కట్టిన సిస్టం తెచ్చింది, కేరళ బడుల్లో పిల్లలు నిజంగానే లినక్స్ మీద నేర్చుకుంటున్నారు. "మొత్తం" అనే మాట మాత్రం ఎవరిదో సొంత కవిత్వం. మీ దగ్గర్లోని ఏ ప్రభుత్వ ఆఫీసుకైనా వెళ్ళి మానిటర్ వైపు ఒకసారి చూడండి.

రెండో పాయింటు చివర్లో చూద్దాం. దానికి కారణం ఉంది.

ప్రింటర్లు. ఏ మెసేజ్‌లోనైనా "ఏ ప్రింటరైనా" అన్న మాట కనిపిస్తే, రాసినవాడు జీవితంలో ఒక్క ప్రింటర్ కూడా ఇన్‌స్టాల్ చేయలేదని అర్థం చేసుకోవచ్చు. మన జిరాక్స్ షాపుల్లో, ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపించే కేనన్ ప్రింటర్ ఎల్‌బీపీ 2900 తీసుకోండి. అది మాట్లాడేది క్యాప్ట్ అనే కేనన్ సొంత భాష. కేనన్ ఇచ్చిన పాత లినక్స్ డ్రైవర్‌తో తంటాలు పడాలి, లేదా ఎవరో ఓపికపరుడు ఆ భాషను బయటినుంచి విని రాసిన డ్రైవర్‌ను నమ్ముకోవాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే ఇంకో రకం. స్విచ్ వేసిన ప్రతిసారీ దానికి కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, ఆ ఫర్మ్‌వేరేమో ఓపెన్ కాదు. రెండూ నడుస్తాయి, ఓపిక ఉంటే. అసలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడిందే ఒక ప్రింటర్ దగ్గర. ఎంఐటీ ల్యాబ్‌లో జిరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటర్ పేపర్ ఇరుక్కుని ఆగిపోతుంటే, ఆ సంగతి అందరికీ తెలిసేలా మార్పు చేద్దామని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వలేదు. ఆయన 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం ప్రకటించడం వెనక ఆ కోపం కూడా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఉద్యమం పేరు చెప్పి "ఏ ప్రింటరైనా" అంటున్నారు, చూడండి.

ఇక నాలుగోది. దీనికి తోడుగా ఒక వీడియో ముక్క కూడా తిరుగుతోంది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించి ఎన్విడియాను తిట్టిన వీడియో. "ఆ దెబ్బకి దిగొచ్చింది" అని దాని కింద రాత. ఆ దెబ్బ తగలడానికి పదేళ్ళు పట్టినట్టుంది, ఎందుకంటే ఎన్విడియా మొదటిసారి కెర్నల్ మాడ్యూళ్ళ (సిస్టం గుండెకాయ అయిన కెర్నల్‌లో కూర్చునే డ్రైవర్ ముక్కల) సోర్స్ బయటపెట్టింది 2022 మే నెలలో, 515 వెర్షన్‌తో. 2024లో 560 వెర్షన్ వచ్చేసరికి కొత్త కార్డులకు ఆ మాడ్యూళ్ళే డిఫాల్ట్ అయ్యాయి. మంచిదే, కాదనను. కానీ తెరిచింది కెర్నల్ మాడ్యూళ్ళు మాత్రమే. ఆటల్లో త్రీడీ బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్, వల్కన్ పనులు చూసే పై భాగం మూసే ఉంది. కార్డుతో లెక్కలు చేయించే "కుడా" అనే సాఫ్ట్‌వేర్ కూడా మూసే ఉంది. పైగా ఇదివరకు డ్రైవర్ చేసే పనిలో పెద్ద వాటాను కార్డులోనే ఉండే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్‌కి అప్పగించారు, దాని ఫర్మ్‌వేర్ మనకు కనిపించదు. వీధి తలుపు బార్లా తెరిచారు, సామానంతా లోపలి గదిలోకి చేర్చి ఆ గదికి తాళం వేశారు.

అసలు తమాషా ఇది కాదు. ఆ జీఎస్‌పీ ఉన్నది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌ల నుంచి. ఈ మెసేజ్ ఎవరికోసం? విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళ కోసం. అంటే దాదాపుగా ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందువి. వాటిలో ఎన్విడియా ఉంటే ఏముంటుంది? చాలావాటిలో 940ఎంఎక్స్, లేదంటే ఎంఎక్స్150. ఒకటి మ్యాక్స్‌వెల్ తరం, ఇంకోటి పాస్కల్, రెండూ ట్యూరింగ్‌కి ముందువే. ఆ ఓపెన్ మాడ్యూల్ ఈ రెంటితోనూ పనిచేయదు! ఎవరి కోసమైతే మెసేజ్ రాశారో సరిగ్గా వాళ్ళకే అందులోని శుభవార్త వర్తించదు. వీటికి పాత మూసిన డ్రైవరే గతి, అదీ 580 వెర్షన్ వరసతో ఆఖరు. పూర్తిగా ఓపెన్ అయిన నూవో అనే డ్రైవర్‌ను కొందరు 2005 నుంచీ కష్టపడి రాస్తున్నారు. కానీ మ్యాక్స్‌వెల్ రెండో విడత చిప్‌ల నుంచి, అంటే ఎంఎక్స్150కి కూడా, ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకుండా కార్డు వేగం పెంచే వీలు లేకుండా పోయింది, బండి ఒకటో గేరులోనే పోతుంది.

ఇంతా చేసి, ఆ ల్యాప్‌టాప్‌లలో తెర మీద బొమ్మ వేసేది చాలావరకు ఇంటెల్ గ్రాఫిక్సే. దాని డ్రైవర్ ఏళ్ళ తరబడి కెర్నల్‌లోనే ఉంది, ఓపెన్‌గానే ఉంది. యూట్యూబ్ చూడ్డానికి, బ్రౌజర్‌కి అది చాలు. ఆ ఒక్క నిజమైన మంచి మాట మెసేజ్‌లో లేదు.

ఐదో పాయింటు: వేల కళ్ళు చూస్తుంటాయి. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే ఓపెన్ సాఫ్ట్‌వేర్‌లో 2024 మార్చి 29న బయటపడిన సంగతి గుర్తుందా? జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్ళకు పైగా బుద్ధిమంతుడిలా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి, దాన్ని ఒక్కడే చూసుకుంటూ అలిసిపోయిన మెయింటైనర్ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దాన్ని లేపే ముక్క అందరూ చూసే కోడ్ గూడు గిట్‌లో లేనే లేదు, విడుదల చేసిన టార్‌బాల్ అనే మూటలో మాత్రమే ఉంది. వేల కళ్ళకీ అది కనబడలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఒక్క ఇంజినీర్, తన ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరంలోని మెషీన్‌లోకి వెళ్ళే దారి) అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని తవ్వితే బయటపడింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, మూసిన కోడ్ అయ్యుంటే ఆయన అంత లోతుకి తవ్వగలిగేవాడు కాదు. విండోస్ మిత్రులు ఇక్కడ చప్పట్లు కొట్టనక్కర్లేదు. అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ అప్‌డేట్ ఒకటి 85 లక్షల మీ మెషీన్లను నీలి తెర ముందు కూర్చోబెట్టింది.

ఇప్పుడు ఏడు. ఇప్పటిదాకా చెప్పినవన్నీ అతిశయోక్తులు, నవ్వుకుని వదిలేయొచ్చు. ఇది అలాంటిది కాదు.

కడపలో మా బాబాయికి డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పంచాయతీ నోటీసులు. మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ ఏడో నంబరు లైను పేస్ట్ చేసేయనా? అను ఫాంట్లు కూడా వచ్చేస్తాయా?" అన్నాడు. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ రెండూ లినక్స్ కోసం చేసినవి కావని, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఉన్న సిస్టం చెరిపేసుకుంటే శుభలేఖలు చేత్తో రాయాల్సి వస్తుందని చెప్పాను. ఆయన అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ళు ఎంతమందో.

ఆ లైను కర్ల్ అని మొదలవుతుంది, తర్వాత ఒక కుదించిన లింకు, ఒక నిలువు గీత, చివర సుడో బాష్. తెలుగులో చెప్పాలంటే: ముక్కూ మొహం తెలియనివాడు ఈ క్షణంలో ఏం పంపితే అది తెచ్చి, చదవకుండా, ఇంటి తాళాలన్నీ వాడి చేతిలో పెట్టు. నేను నిలువు గీత నుంచి చివరిదాకా తీసేసి, పనికిరాని మెషీన్‌లో ఫైలుగా దింపి చూశాను. మొదటిరోజు మామూలు స్క్రిప్టే. ఎవరిదో రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే గిడ్డంగి) జోడించి నాలుగు ప్యాకేజీలు వేస్తుంది, అంటే ఆ ఎవరో ఇక ప్రతి అప్‌డేట్‌లోనూ మీ ఇంట్లోకి రావచ్చు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ చూస్తే అదే లింకు ఇంకెక్కడికో పోతోంది. మొదటిరోజు పేస్ట్ చేసినవాడు "నాకు బాగానే పనిచేసింది" అని సాక్ష్యం చెప్తూ ఫార్వర్డ్ చేస్తాడు, దెబ్బ తగిలేది ఐదోరోజువాడికి.

ఊహించి భయపెడుతున్నానా? 2016 ఫిబ్రవరిలో మింట్ అనే లినక్స్ రకం సొంత వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, 17.3 సిన్నమన్ వెర్షన్ డౌన్‌లోడ్ లింకును దొంగదారి ఉన్న ఐఎస్‌ఓకి (ఇన్‌స్టాల్ ఫైలుకి) తిప్పేశారు. 2025 జూలైలో ఆర్చ్ అనే ఇంకో లినక్స్ రకంలో, వాడేవాళ్ళే ప్యాకేజీలు పెట్టుకునే ఏయూఆర్‌లో, ఫైర్‌ఫాక్స్ ప్యాచ్ అని, లిబ్రెవుల్ఫ్ ఫిక్స్ అని బ్రౌజర్ల పేర్లు పెట్టి, మెషీన్‌ను దూరం నుంచి చేజిక్కించుకునే కేయాస్ ర్యాట్‌ను ఎక్కించారు. పేరున్న చోట్లలోనే ఇది జరిగితే, మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిన కుదించిన లింకు పవిత్ర గంగాజలమా?

సెక్యూర్ బూట్ ఆపేయమనే సలహా ఇంకా అన్యాయం. దొంగ వచ్చే ముందు వాచ్‌మన్‌కి సెలవిమ్మన్నట్టు. ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" అనే విండో ఉంది, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ ఉంది. అక్కడ ఎంచుకుంటే సంతకం చేసిన మాడ్యూళ్ళే దొరకవచ్చు. లేకపోతే ఒక పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలి తెర మీద "ఎన్‌రోల్ మోక్" (ఈ సంతకం తాళంచెవిని నమోదు చేయి) అని చూపిస్తుంది. అక్కడ ఆ పాస్‌వర్డ్ ఇస్తే అయిపోయింది. జనం ఆ నీలి తెరను చూసి కంగారుపడి ఎంటర్ కొట్టేస్తారు, డ్రైవర్ ఎక్కదు, అప్పుడు ఎవడో "సెక్యూర్ బూట్ ఆపెయ్" అంటాడు. అలా పుట్టిందీ చిట్కా.

ఇంకో ముచ్చట. పాత ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ ఉంటే, డ్రైవర్ వేసేదాకా చాలాసార్లు నెట్ రాదు. ఆ లైను పనిచేయాలంటే నెట్ ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ మిగతాది చూసుకుంటుంది. స్వేచ్ఛ విషయంలో అంత పట్టుదల ఉన్న డెబియన్ అనే లినక్స్ రకం వాళ్ళే 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి మూసిన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే పెట్టి ఇస్తున్నారు, ఈ బాధ పడలేకే.

ఇక దాచిపెట్టిన రెండో పాయింటు. దీన్ని ఎగతాళి చేద్దామనే మొదలుపెట్టాను. ఋజువు కోసం అటక మీంచి నాన్నగారి స్కానర్ దింపాను. ఎక్స్‌పీ రోజుల్లో కొన్నది, విండోస్ 7 వచ్చాక ఆ కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేసింది, అప్పట్నుంచీ పాత దుప్పటి కింద ఉంది. దుమ్ము తుడిచి కేబుల్ పెట్టాను, ఏదో ఎర్రర్ వస్తే ఫోటో తీసి ఇక్కడ పెడదామని. ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. లినక్స్‌లో స్కానర్లను నడిపే సేన్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టింది, బల్బు వెలిగింది, గరగరమంటూ కదిలింది. ఆ పూటంతా అమ్మ పెళ్ళి ఫోటోలు స్కాన్ చేస్తూ కూర్చున్నాను, ఈ ఖండన రాయడం రెండు రోజులు ఆలస్యమైంది.

కాబట్టి రెండో పాయింటు నిజం, కనీసం మా స్కానర్ వరకు. అదొక్కటీ ఉంచి, మిగతా ఆరూ ఆ లింకుతో సహా తీసేసి పంపండి. పది మందికి నేనే ఫార్వర్డ్ చేస్తాను.