మెట్లు పీకినవాడు దూకక తప్పదు

పోయిన మాఘమాసంలో మా మేనల్లుడు చిన్నాకి ఒక సంబంధం దాదాపు ఖాయమై, రెండక్షరాల దగ్గర ఆగింది. బయోడేటాలో హాబీలు అన్నచోట మా అక్క ముచ్చటగా "బేస్" అని తెలుగులో రాయించింది. పిల్ల తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఏ మాటైనా అర్థం వెతికి చూసుకోనిదే ముందుకెళ్ళని మనిషి. ఆ మాటను ఉన్నదున్నట్టు ఫోనులో కొట్టి వెతికితే, వీపుకు చిన్న మూట కట్టుకుని వంతెనల మీంచి దూకే మనుషులు కనిపించారట. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను.

"ఏమండీ, అబ్బాయి వంతెనల మీంచి దూకుతాడా?"

"అబ్బే, ట్యూబులైటు మార్చడానికి స్టూలెక్కమంటేనే కళ్ళు తిరుగుతున్నాయంటాడండీ. వాడిది వాయించే బేసు. గిటారు."

"మరి ఈ దూకేదో?"

"అదీ బేసేనండీ. ఇంగ్లీషులో స్పెల్లింగులు వేరు."

"మీరు మాకు తెలుగులో కదండీ రాసిచ్చింది" అన్నాడాయన. హెడ్మాస్టరు కదా, తప్పెక్కడుందో ఇట్టే పట్టేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోగా ఒక సత్యం బోధపడింది. తప్పు తెలుగుది కాదు. ఒకే జబ్బుకు ఇంగ్లీషువాడు అనవసరంగా రెండు స్పెల్లింగులు పెట్టుకున్నాడు. మన లిపి ఆ రెంటినీ కలిపి ఒక్కటిగా రాసి, వైద్యశాస్త్రానికి మహోపకారం చేసింది.

ముందు దూకేవాళ్ళ సంగతి చూద్దాం. భవనం, యాంటెన్నా, వంతెన, కొండకొమ్ము. ఈ నాలుగింటి ఇంగ్లీషు మాటల్లో మొదటి అక్షరాలు ఏరి "బేస్" అని పేరు పెట్టిన బృందంలో కార్ల్ బేనిష్ ముఖ్యుడు. 1978లో కాలిఫోర్నియాలో ఎల్ కాపిటాన్ అనే నిట్టనిలువు రాతికొండ మీంచి మనుషులు దూకుతుంటే సినిమా తీశాడు. తానూ దూకాడు. చివరికి 1984లో నార్వేలో ఒక కొండ మీంచి దూకుతూనే పోయాడు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో పెరీన్ వంతెన అని ఒకటుంది. ఎత్తు 486 అడుగులు. అక్కడ ఏడాది పొడవునా ఎవరినీ అడగక్కర్లేదు, మూట కట్టుకుని దూకెయ్యడమే. గుడ్డ విచ్చుకోకపోతే అయిదారు సెకన్లలో కింద నది. విమానంలోంచి దూకేవాడికి ఒకటి పనిచెయ్యకపోతే ఇంకో పారాచూట్ ఉంటుంది. ఈ బేసు వాళ్ళకు మామూలుగా ఒకటే.

ఇక వాయించేవాళ్ళు. వీళ్ళకు ఆ ఒకటి కూడా లేదు.

చెబితే నమ్మరు గాని, ఈ మంద్రస్వరాల బేస్ గిటారు పుట్టిందే భయం పోగొట్టడానికి. అంతకుముందు ఉన్నది మనిషెత్తు డబుల్ బేస్. దానికి మెడ మీద వీణకున్నట్టు మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగితే శ్రుతి పోయినట్టే. 1951లో లియో ఫెండర్ అనే కాలిఫోర్నియా రేడియో మెకానిక్, ఆ బేస్‌ను గిటారంత చేసి, మెడ మీద 20 మెట్లు బిగించి, వేలు ఎక్కడ పెట్టినా స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి "ప్రిసిషన్" అని పేరు పెట్టాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అందుకే, వాయించేవాళ్ళు ఎలాంటివాళ్ళో ఆయనకు తెలియదు. సుఖంగా ఎక్కి దిగండి నాయనలారా అని మెట్లు కట్టించి ఇచ్చాడు. వాళ్ళు మొట్టమొదట చేసిన పని వాటిని పీకడం.

ఈ పీకుడు సంప్రదాయంలో ఆదిగురువు కాకపోయినా జగద్గురువు జాకో పాస్టోరియస్. ఫ్లోరిడాలో పెరిగిన కుర్రాడు. 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ ఒకటి సంపాదించి, మెట్లు లేకుండా చేసి, ఆ గాడుల్లో చెక్క పుట్టీ కూరి, పైన పడవలకు వేసే ఎపాక్సీ పూశాడు. పడవలకు వేసేది! వెన్న రాసుకునే కత్తితో మెట్లు పీకానని ఒకసారి చెప్పాడు, కొన్నప్పటికే మెట్లు లేవని ఇంకోసారి చెప్పాడు. ఏదైతేనేం, 1976లో ఆయన తొలి ఆల్బమ్ వచ్చాక, ప్రపంచంలో వెన్న కత్తి ఉన్న ప్రతి ఇంటా ఒక బేస్ గిటారు ప్రమాదంలో పడింది.

వీణకు మెట్లు 24, అవి మైనంలో కూర్చి ఉంటాయి. కదిలితే మైనం కరిగించి మళ్ళీ కూర్చుకోవచ్చు. మన పెద్దలకు మనిషి బుద్ధి మీద నమ్మకం లేదు కాబట్టి అలా ఏర్పాటు చేశారు. ఫెండర్‌గారు చెక్కలోకి దిగ్గొట్టారు. పీకితే గాడి పక్కన పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చు లేచేటప్పుడు వచ్చే శబ్దం నేను చెవులారా విన్నాను. మా చిన్నా భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో మెట్టునూ కాల్చి, కటింగ్ ప్లయర్‌తో చివర పట్టుకుని లాగుతున్నాడు. పన్నెండు మెట్లు బుద్ధిగా వచ్చాయి. పదమూడోది "టప్" మంది. వేపుడులో పోపు పేలినంత చిన్న చప్పుడు. వాడు అయిదు నిమిషాలు ఊపిరి తీసుకున్నట్టు నాకు కనిపించలేదు. తర్వాత నేలమీద పాకుతూ గోరంత రోజ్‌వుడ్ ముక్క కోసం వెతికాడు. బల్ల కింద దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మావయ్యా, ఫ్యాన్ ఆపు" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఐసీయూ బయట విన్నాను.

ఏ వంతెన మీదైనా ఇంతటి ఘట్టం ఉంటుందా?

వాడి స్నేహితుడొకడున్నాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం, వాడూ బేసే. రిషికేశ్ దగ్గర మోహన్‌చట్టీలో 83 మీటర్ల ఎత్తునుంచి కాళ్ళకు తాడు కట్టించుకుని తలకిందులుగా దూకి వచ్చాడు. ఆ వీడియోలో నవ్వుతూనే ఉన్నాడు. అంతటి వీరుడు, తన గిటారు మెడలోని ట్రస్ రాడ్‌ను పావు తిప్పు తిప్పడానికి మూడు వారాలు ముహూర్తం చూశాడు. కారణముంది. నాలుగు తీగలూ కలిసి ఆ మెడను లాగే బలం సుమారు 75 కిలోలు. అంటే నిండు మనిషి ఒకడు రాత్రింబవళ్ళు దానికి వేలాడుతున్న లెక్క. వాడికి ఎదురు లాగుతున్నది లోపలున్న ఆ ఇనుప కడ్డీ ఒక్కటే. రిషికేశ్ తాడుకు మోసే లెక్కలుంటాయి, చూసుకునే సిబ్బంది ఉంటారు. ఈ కడ్డీ మొండికేసినప్పుడు అలెన్ కీ పట్టుకుని పక్కన ఉండేది మనం, భగవంతుడు.

మెట్లతో ఆగుతారా అంటే ఆగరు. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు మారుస్తారు, శబ్దం హెచ్చించి తగ్గించే పాట్‌లు మారుస్తారు, తీగలు ఆనే బ్రిడ్జి మారుస్తారు. టోన్ తిప్పే గుండీ దగ్గర ఉండే శనగగింజంత కెపాసిటర్‌ను మార్చి, "ఇప్పుడు ఓపెన్ అయింది చూడు" అంటారు. మా వాడు మార్చిన రోజు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పాతదానితో ఒకసారి, కొత్తదానితో ఒకసారి అదే స్వరం వాయించాడు. మా అమ్మ రెండుసార్లూ ఫ్రిజ్ వంక చూసింది. ఆవిడ తప్పు లేదు. అన్నిటికన్నా లావుపాటి ఆ తీగ పలికేది సెకనుకు 41 కంపనాలు. మన ఇంటి కరెంటే 50. ఆ స్వరాన్ని ఫోనులో రికార్డు చేసి బంధువులకు పంపితే, ఫోను స్పీకర్లో దాని అడుగు భాగం వినపడదు. "బాగుంది నాన్నా" అని అందరూ జవాబిచ్చారు.

ఇంటి కరెంటు చేసే ఆ గుయ్‌మనే చప్పుడు గిటారులోకి రాకుండా లోపల గూట్లో రాగి రేకు అంటించాడు. మా అమ్మ చూసి, ఇన్నాళ్ళకు వీడికి దైవభక్తి కలిగిందని సంతోషించి, రేకు మూలన కుంకుమ బొట్టు పెట్టింది. నేటికీ అది అక్కడే ఉంది. గుయ్‌మనడం కూడా తగ్గింది. ఏది దేనివల్లో తేల్చే సాహసం నేను చెయ్యను.

ఇంకో ముఖ్యమైన మార్పు, తీగల కింద స్పాంజ్. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు ఒంటి చూపుడువేలితో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్, బ్రిడ్జి దగ్గర నురుగు ముక్క పెట్టి వాయించేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఇది విన్న మరునాడే మా అక్క గిన్నెలు తోమే స్పాంజ్ సగమే మిగిలింది. నా అభిప్రాయంలో ఈ జాతి చేసిన మార్పులన్నిట్లో నిజంగా చెవికి తేడా తెలిసేది ఇదొక్కటే. ఖర్చు పది రూపాయలు కాబట్టి దీన్ని మోడ్ అని, అంటే గిటారుకు చేసిన మార్పు అని, ఎవరూ ఒప్పుకోరు.

జేమర్సన్ బేస్‌ను, ఆయన 1983లో పోవడానికి కాస్త ముందు, ఎవరో ఎత్తుకుపోయారు. జాకోది 1986లో న్యూయార్క్‌లో పోయి 2006లో దొరికింది. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయి, యాభై ఏళ్ళు దాటాక ఆయన్ను చేరింది. వాయించేవాణ్ని వేదిక మీద ఎవరూ పట్టించుకోరు గాని, వాయిద్యం మీద దొంగలకు ఎంత శ్రద్ధ!

కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం. బేస్ గిటారు విప్పడాన్ని తక్షణం సాహస క్రీడగా గుర్తించాలి. మెట్లు పీకదలచినవాడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద తల్లి సంతకంతో హామీపత్రం ఇవ్వాలి. బల్ల మీద దుప్పటి, పక్కన ఒక పెద్దమనిషి, రాత్రి పదకొండు దాటితే నిషేధం. పనికిరాని ధైర్యం మనుషులకు పదకొండు తర్వాతే వస్తుందని అనుభవజ్ఞుల మాట. పదమూడో మెట్టు దగ్గర అంబులెన్సు సిద్ధంగా ఉంచాలి. గిటారు కోసం కాదు.

ఈ విషయాలన్నీ హెడ్మాస్టరుగారికి ఒకటిన్నర గంట ఫోనులో వివరించాను. అంతా విని, "పిల్లవాడు ఇల్లు కదలడన్నమాట" అని తృప్తిపడి, పెళ్ళిచూపులకు రమ్మన్నాడు. గిటారు కూడా తెమ్మన్నాడు.

వెళ్ళాం. కాఫీలయ్యాయి. చిన్నా ఆంప్లిఫయర్ పెట్టి, తొడమీద గిటారు సర్దుకున్నాడు. దానికి లోపల శబ్దానికి బలమిచ్చే ప్రీయాంప్ ఒకటి పెట్టించాడు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. ముందు రాత్రి ప్రాక్టీసు చేసి, కేబుల్ పీకకుండా పడుకున్నాడని నాకు వాడి మొహం చూశాకే అర్థమైంది. మొదటి స్వరం మీటాడు. ఆంప్లిఫయర్‌లో ఎర్ర దీపం వెలుగుతోంది. శబ్దం లేదు. వాడు నా వంక చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ వంక చూశాను. అది గర్‌మని తిరుగుతోంది.

వాడు ఆపలేదు. కళ్ళు మూసుకుని, మెట్లు లేని ఆ మెడ మీద వేళ్ళు పైకీ కిందికీ జార్చుతూ, మూడు నిమిషాలూ వాయించాడు. చివర్లో తల కూడా ఊపాడు.

"చాలా శ్రావ్యంగా ఉంది బాబూ" అన్నాడు హెడ్మాస్టరు, చేతిలో కప్పు కింద పెట్టి.

"ఇంకోటి వాయించరా" అంది మా అక్క.