పాలు విరిగిన చోట పాట ఆపేశారు

మొన్న కందుకూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో అక్కా తమ్ముడూ కలిసి యాదవ వీరుడు కాటమరాజు కథను బుర్రకథగా చెప్పారు. అక్క భుజాన తంబుర, బొటనవేలికి తాళం వేసే ఉంగరం లాంటి అందె. తమ్ముడి దగ్గర గుమ్మెట అనే చిన్న డోలు. బుర్రకథకు ముగ్గురు ఉండాలి. వంత పాడుతూ హాస్యం చెప్పే మూడో మనిషి వాళ్ల నాన్న. ఆయన పోయాక ఆ చోటులోకి ఎవరినీ తీసుకోలేదు, ఆయన మాటలను ఇద్దరే పంచుకున్నారు. అక్క ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తమ్ముడికి తెలుసు. సరిగ్గా అక్కడ ‘తందాన తాన’ అని అందుకుంటాడు. ఒకే ఇంట్లో, ఒకే గొంతు వింటూ పెరిగితే తప్ప అది రాదు.

ఆ కథ మన నేలది. 13వ శతాబ్దంలో కనిగిరి సీమలో కరువొస్తే కాటమరాజు ఆలమందలను తోలుకుని నెల్లూరు రాజు నల్లసిద్ధి బీళ్లకు వచ్చాడు. పశువుల మేతకు కట్టే పన్ను, పుల్లరి దగ్గర మాట చెడింది. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడులో యుద్ధం జరిగింది. నల్లసిద్ధి వైపు నిలిచిన ఖడ్గ తిక్కన, భారతం రాసిన తిక్కనకు అన్నదమ్ముల వరుస. ఒక తిక్కనను బడిలో చదువుకున్నాం. రెండో తిక్కన ఇన్నాళ్లు బతికింది ఇలాంటి గొంతుల్లోనే.

యుద్ధంలో వెన్నిచ్చి ఇంటికొచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెడుతుంది. తల్లి అన్నంలో విరిగిన పాలు పోస్తుంది. ఇదేమిటని అడిగితే, నువ్వూ విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అంటుంది. భార్యా, తల్లీ రెండూ అక్కే. భార్యగా ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఉంది, తల్లి దగ్గరికి వచ్చేసరికి ఏడుపును మింగిన బొంగురు వినిపించింది. తిక్కనగా తమ్ముడు తల వంచుకుని గుమ్మెట మీద చెయ్యి ఆపేశాడు. ముందు వరుసలో ముసలమ్మలు కొంగు నోటికి అడ్డుపెట్టుకున్నారు.

అప్పుడే కమిటీ పెద్ద ఒకరు వేదికెక్కి మైకు తీసుకున్నారు. పాటకచేరీ వాళ్లు వచ్చేశారట, ఇక చాలన్నారు. కథ మొదలై నలభై నిమిషాలే అయింది. తిక్కన తిరిగి యుద్ధానికి వెళ్లనేలేదు. అక్క మారు మాట లేకుండా దండం పెట్టింది. తమ్ముడు మాత్రం గుమ్మెట భుజాన వేసుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

నాకు కడుపు రగిలిపోయింది. సినిమా పాట ఆగినా మళ్లీ ఎక్కడైనా వినవచ్చు. కథ మధ్యలో తెగితే, అంతసేపు కూర్చున్న మనిషి ఏం పట్టుకుని ఇంటికి వెళ్లాలి? కళను కాపాడాలని అదే వేదిక మీద ఉపన్యాసాలిచ్చి, శాలువాలు కప్పారు. వాళ్లు శాలువాలు అడగలేదు, కథకు ఒక రాత్రి ఇమ్మన్నారు. ఇద్దరి కూలి, కథ పూర్తయ్యేంత సమయం, అంతే కావాలి.

మా ఊరి కమిటీతో నిన్ననే మాట్లాడాను. వచ్చే శ్రీరామనవమి రాత్రి ఇంకే కార్యక్రమమూ లేదు, ఆ ఇద్దరే. తెల్లారే వరకు మైకు వాళ్లదే. తమ్ముడికి ఫోను చేస్తే, ఆగిన చోటి నుంచి ఎత్తుకోమంటారా అని అడిగాడు. వద్దు, ఆవులు కనిగిరి నుంచి కదిలే చోటి నుంచి మొదలుపెట్టమన్నాను.