పక్కన కూర్చుని గీద్దాం

"ఏం జరిగిందో చెప్పు నాన్నా" అని ఎంత మెల్లగా అడిగినా చాలామంది పిల్లలు నోరు విప్పరు. అది మొండితనం కాదు. పెద్ద దెబ్బ తిన్న మనసుకు జరిగింది చాలాసార్లు ముక్కలుగా గుర్తుంటుంది: ఒక వాసన, తలుపు చప్పుడు, ఎవరిదో అరుపు. వాటిని వరసగా పేర్చి చెప్పమంటే ఎలా చెబుతారు?

అలాంటి పిల్లల కోసం నేను వాలంటీర్‌గా వెళ్లే చోట గోడ పొడవునా ఒకటే కాగితం అంటిస్తాం, అందరూ దాని మీదే కలిసి గీస్తారు. ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి మూడు వారాలు ఒక మూల బొగ్గుముక్కతో నల్లగా రుద్దుతూనే ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో వారం పక్కనున్న అమ్మాయి తన నీలం గీతను ఆ నలుపు అంచుదాకా తెచ్చి ఆగింది. "ఇందులోంచి వెళ్లనా?" అంది. వాడు కాసేపు చూసి, చొక్కా చేత్తో కొంచెం తుడిచి దారిచ్చాడు.

వాడి జీవితంలో జరిగినదానికి వాణ్ణి ఎవరూ అనుమతి అడగలేదు. ఇక్కడ అడిగారు, వద్దనే హక్కు కూడా వాడికే ఉంది. కలిసి గీయడంలో నాకు కనిపించే మందు ఇదే.

పెద్దలు కూడా గీయాలి. బ్రిటిష్ పిల్లల డాక్టరు డొనాల్డ్ వినికాట్ తానొక పిచ్చిగీత గీసి పిల్లాడికిచ్చేవాడు. పిల్లాడు దాన్ని ఏదో ఒక బొమ్మ చేసి, తన గీత ఆయనకిచ్చేవాడు. 1942 డిసెంబరులో నాజీలు టెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపిన చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అక్కడి పిల్లలకు బొమ్మలు నేర్పింది, బొమ్మ మీద ఎవరి పేరు వాళ్లతోనే రాయించేది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపేశారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు దక్కాయి. గీసిన పిల్లల్లో ఎక్కువమంది దక్కలేదు. బొమ్మ ప్రాణం కాపాడుతుందని నేను అనను. పేరు నిలుపుతుంది.

మన కార్యక్రమాల్లో బొమ్మలంటే పోటీ, బహుమతి, వెంటనే వాట్సాప్‌లో ఫోటో. దెబ్బతిన్న పిల్లలకు ఈ మూడూ వద్దు. "ఇదేంటి, ఇంత నలుపెందుకు?" అనీ అడగొద్దు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలని ఉందన్నా ఆలస్యం చెయ్యకుండా శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. గోడ మీది కాగితం దానికి బదులు కాదు.

చివరి రోజు ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో పిల్లల్నే అడిగాం. ఎవరికీ చూపించొద్దన్నారు. ఆ అబ్బాయి ఒక కొస, ఆ అమ్మాయి ఒక కొస పట్టుకుని జాగ్రత్తగా చుట్టి, దారం కట్టి బీరువా పైన పెట్టారు.