ఒక చప్పుడా, రెండు చప్పుళ్లా?

మొన్న కాజీపేట నుంచి హన్మకొండ వచ్చే దారిలో మూడు కార్లు వరుసగా గుద్దుకున్నాయి, మధ్యది నాది. అంటే నాకు ముందూ పోయింది, వెనకా పోయింది, డోర్లు మాత్రం దేవుడి దయవల్ల బాగానే ఉన్నాయి.

తప్పెవరిదో తేల్చే మన శాస్త్రం తెలిసిందే కదా, అందరూ దిగి తమ వెనకవాడి వైపు చూస్తారు. మొదటాయన నన్ను చూశాడు, నేను మూడో ఆయన్ని చూశాను. ఆయన వెనక్కి తిరిగితే ఎవరూ లేరు పాపం, అందుకని రోడ్డు దాటిన బర్రెను చూశాడు. అది అప్పటికే వెళ్లిపోయింది, పైగా దానికి పాలసీ లేదు.

ముందు బండికి ఎడం వదలాల్సింది వెనకవాడే అని రూలు. కానీ మూడో ఆయన చదువుకున్నవాడు. 2025లో సుప్రీంకోర్టు, హైవే మీద సైగ లేకుండా బ్రేకు కొట్టిన కారాయన మీద 50 శాతం తప్పు వేసిందని గుర్తుచేశాడు. "బర్రె అడ్డమొస్తే ఇండికేటర్ వేస్తరా?" అన్నాడు మొదటాయన. ఇది హైవే కూడా కాదని నేనన్నా ఎవరూ వినలేదు.

నాకు కావలసింది ఒక్కటే: మొదటాయనకు ఎన్ని చప్పుళ్లు వినిపించాయి? ఒక్కటే 'ధడ్' అయితే నేను ఆగి ఉన్నాను, వెనకాయన నన్ను తోశాడు. రెండైతే ముందు నేనే గుద్దాను, తర్వాత నన్ను గుద్దారు. ఇంత పెద్ద న్యాయం ఆయన చెవి మీద ఆధారపడి ఉంటే, ఆ చెవిలో బ్లూటూత్ ఉంది. "యాద్ లేదన్నా" అన్నాడు. పక్కన చాయ్ బండాయన తాను మూడు విన్నానన్నాడు, మూడోది ఆయన గిన్నె మూతదట.

ఫోటోలు తీసేలోపే జనం కార్లను పక్కకు తోసేశారు, సేవాభావం. వెనకాయన థర్డ్ పార్టీలో, అంటే ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే బీమాలో, నా కారు నష్టానికి ఏడున్నర లక్షల దాకా ఆశ ఉంది గానీ దానికి యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్ మెట్లెక్కాలి. నా పాలసీలోనే క్లెయిమ్ చేస్తే ఐదేళ్లు కాపాడుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అదే ప్రీమియంలో తగ్గింపు, రెన్యువల్ నాటికి సున్నా. పార్టుల తరుగు కోయని 'జీరో డెప్' కవర్ తీసుకోలేదు కాబట్టి ప్లాస్టిక్ బంపర్‌కు సగం ధరే ఇస్తారు, ఆ మిగిలిందాంట్లోంచి ఇంకో వెయ్యి కోత. మెకానిక్ ముందు బంపర్‌ను వేలితో తట్టి, "ఇది పోయినట్టే" అన్నాడు, డాక్టర్ చెప్పినట్టు.

రాత్రి మొదటాయన ఫోన్ చేశాడు. "అన్నా, యాదికొచ్చింది, రెండు చప్పుళ్లే." ఆయనా మూడో ఆయనా పరకాల వాళ్లేనని, మేనత్త తరఫున చుట్టాలవుతారని మర్నాడు తెలిసింది.