సోడియం ఇష్టపడి ఇవ్వదు

'సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇష్టంగా క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది' అని ఉప్పు ఎలా ఏర్పడుతుందో చెబుతూ మీ వ్యాసంలో రాశారు. హనుమకొండలో టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను, వాళ్లూ ఇదే బట్టీ పట్టి వస్తారు. నిజానికి సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోల్‌కు (పరమాణువులను లెక్కించే కొలమానం) 496 కిలోజౌళ్ల శక్తి ఖర్చు. క్లోరిన్ దాన్ని తీసుకుంటే తిరిగొచ్చేది 349 మాత్రమే. అంటే ఇక్కడిదాకా నష్టమే! లాభమంతా ఆ తర్వాతే. ప్లస్, మైనస్ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం, దాన్ని అందుకున్న క్లోరిన్ (క్లోరైడ్), స్ఫటికంగా పేరుకున్నప్పుడు దాదాపు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అందులో ఒక్కో సోడియం చుట్టూ 6 క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ 6 సోడియంలు. ఉప్పుగల్లులో విడివిడి జంటలు ఉండనే ఉండవు. మీ బొమ్మలోనేమో ఒక సోడియం, ఒక క్లోరిన్ పెళ్లిఫొటోలా నిలబడ్డాయి, అదొక్కటి మార్చండి సార్. నీటి అణువు బొమ్మ మాత్రం బాగుంది, 104.5 డిగ్రీల వంపు కూడా సరిగ్గా చూపించారు.