దస్తీ కట్టుకుని గ్రానైట్ కోయమంటున్న వీడియోకు జవాబు

హన్మకొండ, కాజీపేట కాలనీ గ్రూపుల్లో ఈ మధ్య ఒక వీడియో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: గ్రానైట్ షాపుల ముందు పడేసిన ముక్కలు ఊరికే దొరుకుతాయి. నాలుగు అంగుళాల గ్రైండర్‌కు డైమండ్ బ్లేడు బిగించి బంగ్లా (డాబా) మీద కూర్చుంటే చపాతీ పీట, షూ ర్యాక్, తులసి గద్దె మీదికి పలక, అన్నీ మనమే చేసుకోవచ్చు. మూతికి దస్తీ కట్టుకుంటే చాలు. మగ్గుతో నీళ్లు పోస్తుంటే దుమ్మే రాదు. కాకతీయుల శిల్పులు మాస్కులు పెట్టుకున్నారా? వారానికి నాలుగు పీటలు చేసి అమ్మితే సైడ్ ఇన్‌కమ్ కూడా.

ముక్కలు దొరుకుతాయన్న మాట నిజమే. పక్కనే కరీంనగర్, అక్కడి టాన్ బ్రౌన్ రాయి దేశాలు దాటిపోతోంది. వంటింటి గద్దెలో సింకు కోసం, స్టవ్వు కోసం కోసి తీసిన తునకలు మన షాపుల ముందు కుప్పలుగా ఉంటాయి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కోయడం ఈజీ అన్నదీ పూర్తి అబద్ధం కాదు. మంచి డైమండ్ బ్లేడుతో, ఒకేసారి లోతుగా నొక్కకుండా కొద్దికొద్దిగా దించుకుంటూ పోతే కొత్తవాడికైనా గ్రానైట్ తెగుతుంది. పేచీ అక్కడ లేదు. కోసినచోట మాయమైన రాయి ఎటుపోయిందన్నదే ప్రశ్న.

డైమండ్ బ్లేడు కత్తిలా కోయదు, రాయిని అరగదీస్తుంది. గాటు వెడల్పున ఉన్న రాయంతా పిండి అవుతుంది. పలక మందం 20 మిల్లీమీటర్లు, గాటు 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్క అడుగు పొడవు కోస్తే 30 గ్రాములకు పైగా రాతిపిండి లేస్తుంది. గ్రానైట్‌లో పావు వంతు క్వార్ట్జ్ అనే ఖనిజం అనుకున్నా అందులో 8 గ్రాములు స్ఫటిక సిలికా, ఊపిరితిత్తులను పాడుచేసేది ఇదే. పనిచేసే చోట గాలిలో ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లగల సన్నటి సిలికాకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు, ఎనిమిది గంటల సగటున. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గది గాలి మొత్తానికి లెక్కేస్తే అది 1.4 మిల్లీగ్రాములు. మన 8 గ్రాముల్లో వెయ్యో వంతు మాత్రమే అంత సన్నటి ధూళిగా గాలిలో నిలిచినా ఆ పరిమితికి ఐదు రెట్లు దాటుతుంది. చపాతీ పీటకు నాలుగు వైపులు ఉంటాయి మరి. సగటుతో ఒక్కసారి కోతను పోల్చకూడదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ అది రోజూ ఆ పనిచేసే మనిషికి పెట్టిన హద్దు. ఇంట్లో చంటిపిల్లలు, ఆయాసపడే ముసలివాళ్లు ఉంటారని దాంట్లో లెక్కలేదు.

గదిలో కాదు కదా, బంగ్లా మీద అన్నారు అంటారా? బయట నయమే. కానీ కోసేవాడి ముక్కు బ్లేడుకు మూరెడు దూరంలోనే ఉంటుంది, గాలి ఎటు వీచినా మొదటి వంతు వాడిదే. మిగతాది పక్కింటి బంగ్లా మీద ఆరేసిన బట్టలది.

ఇక దస్తీ. ప్రమాదం చేసే రేణువులు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే సన్నవి. కంటికి కనబడే తెల్లటి దుమ్మును దస్తీ కొంత ఆపుతుంది, కనబడనిదాన్ని ఆపదు. ధైర్యం మాత్రం ఇస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్95 మాస్కు పనికొస్తుంది, అయితే ముఖానికి అంటుకుని ఉండాలి. గడ్డం ఉన్నవాళ్లకు అంచుల్లోంచి గాలి దూరిపోతుంది.

నీళ్ల విషయంలో వీడియో సగం నిజం చెప్పింది. నీళ్లు దుమ్మును బాగా తగ్గిస్తాయి, షాపుల్లో పెద్ద మిషన్లకు నీటి పైపు ఉండేది అందుకే. కానీ ఆ నీరు బ్లేడు తాకేచోట ఆగకుండా పడాలి. మగ్గుతో అప్పుడోసారి అప్పుడోసారి పోస్తే మధ్యలో పొడి కోతే. పైగా మామూలు యాంగిల్ గ్రైండర్ నీళ్లకు చేసింది కాదు. మోటార్ చల్లబడేందుకు ఉన్న సందుల్లోంచి గాలితో పాటు తడి లోపలికి పోతుంది. తడిసిన గచ్చు మీద, చెప్పుల్లేని కాళ్లతో, అతుకులు వేసిన ఎక్స్‌టెన్షన్ వైరుతో వీడియోలో ఆ మనిషి కూర్చున్న తీరు చూస్తేనే నాకు టెన్షన్ వచ్చింది. కరెంటు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్ ఉంది కదా అనుకోవద్దు. అది వైరింగ్‌ను కాపాడుతుంది, మనిషిని కాదు. షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, పాత ఇళ్లలో చాలావాటికి అది లేదు. నీటి పైపు తగిలించే మార్బుల్ కట్టర్లు వేరే ఉన్నాయి, వాటినైనా ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే వాడాలి. కోత అయ్యాక మిగిలే బురద ఆరితే మళ్లీ అదే పిండి. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది, మోరీలో కడిగేస్తే అడుగున పేరుకుంటుంది. తడిగుడ్డతో ఎత్తి సంచిలో వేయాలి.

బ్లేడు మీద కప్పి ఉండే గార్డు తీసేసి ఏడంగుళాల బ్లేడు బిగిస్తే లోతుగా తెగుతుందని వీడియోలో ఇంకో చిట్కా. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, ఏడంగుళాల బ్లేడుకు ఉండే హద్దు దాదాపు 8,500, అది దాటితే బ్లేడు పగలొచ్చు. బ్లేడు మీదే రాసి ఉంటుంది, చదవండి.

కాకతీయుల మాటకొద్దాం. వినడానికి బాగుంది, అందుకే ఎక్కువ మంది ఫార్వర్డ్ చేసింది ఆ ముక్కే. 1213 నాటి రామప్ప గుడిలో గ్రానైట్‌తో పాటు డోలరైట్ ఉంది. డోలరైట్ అనే ఆ నల్లరాయిలో క్వార్ట్జ్ చాలా తక్కువ. పైగా ఉలి దెబ్బకు రాయి ఎక్కువగా పెచ్చులుగా లేస్తుంది, నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు కింద అయినట్టు అంతా పిండి అవదు. అయినా ఉలి పట్టినంత మాత్రాన క్షేమమేమీ కాదు, రాతి కూలీలకు సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వస్తూనే ఉంది. శాసనాలు రాజుల దానాల గురించి చెబుతాయి గానీ శిల్పుల దగ్గు గురించి చెప్పవు.

ఒక్క పీట కోస్తే సిలికోసిస్ వస్తుందని నేననను. మామూలుగా అది పదేళ్లు, అంతకు మించి దుమ్ము పీల్చినవాళ్లకు వస్తుంది, దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే. కానీ సైడ్ ఇన్‌కమ్ సలహా ఒక్క పీటతో ఆగేది కాదు, ప్రతి వారం పని. సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు, టీబీ ముప్పును కూడా పెంచుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దాన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వ్యాధుల్లో చేర్చింది. ఫ్యాక్టరీకి చట్టం ఉంది, మన బంగ్లాకు లేదు.

వీడియో అసలు ఎత్తనిది ఒకటుంది. ఆ కుప్పల్లో ఉన్నదంతా గ్రానైట్ కాదు. కొత్త అపార్ట్‌మెంట్ల వంటిళ్లకు వేసే తెల్లటి ‘క్వార్ట్జ్’ పలకల ముక్కలూ కలిసి ఉంటాయి. అది క్వార్ట్జ్ పిండిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో చేసిన రాయి. కొన్ని రకాల్లో సిలికా 90 శాతం పైనే. వాటిని కోసిన కార్మికులు చిన్న వయసులోనే జబ్బు పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. రంగు ఎక్కడా తేడా లేకుండా ఒకేలా ఉండి, వెనకవైపు కూడా నున్నగా ఉన్న ముక్క కనబడితే అడిగి తెలుసుకోండి, ఇంట్లో మాత్రం ముట్టుకోవద్దు.

అంచులకు ఎమరీ పేపర్ రుద్దితే షాపు మెరుపు వస్తుందని వీడియో చెప్పింది కూడా తేలిపోయే మాటే. 50 నంబర్ (గరుకు) నుంచి 3000 (నునుపు) దాకా డైమండ్ ప్యాడ్లు వరసగా మారుస్తూ, నీళ్లతో, తక్కువ స్పీడులో పట్టాలి. 11,000 చుట్ల గ్రైండర్‌కు తగిలిస్తే ప్యాడు మాడిపోతుంది.

ముక్కలతో ఏదో ఒకటి చేయాలన్న ఉత్సాహం మంచిదే. ముక్క ఎంచుకున్న షాపులోనే కోయించుకోండి, అడుగుకింత అని తీసుకుంటారు. పలక మీద మార్కర్‌తో గీత గీసి, ఉంచాల్సిన వైపు గుర్తు పెట్టండి, గాటుకు రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. అంచు మోల్డింగ్ కూడా అక్కడే చేయించండి. ఇంటికొచ్చాక అతికించడం, అడుగున రబ్బరు బుడిపెలు వేయడం, స్టాండు కట్టడం మీ పని. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు 5 కిలోల దాకా తూగుతుంది, షూ ర్యాక్ కాళ్లు చేసేటప్పుడు ఆ బరువు చూసుకోండి.